పాటను మార్చింది టేపు: 1963–83 మధ్య రాక్, పాప్

1963 ఫిబ్రవరి 11. లండన్‌లో ఆబీ రోడ్డు మీద ఉన్న ఈఎంఐ స్టూడియోలోకి పొద్దున పదింటికి వెళ్లిన నలుగురు కుర్రాళ్లు రాత్రి పదిన్నర దాటాక బయటికి వచ్చారు. ఆ ఒక్క రోజులో పది పాటలు రికార్డయ్యాయి. అంతకుముందే సింగిల్స్‌గా, అంటే విడి పాటల చిన్న ప్లేట్లుగా, వచ్చిన నాలుగు పాటల్ని వాటికి కలిపేసరికి బీటిల్స్ మొదటి ఆల్బం తయారైపోయింది. ఆ రోజు జాన్ లెనన్‌కి జలుబు. అన్నిటికంటే గట్టిగా అరిచి పాడాల్సిన పాటను కావాలనే ఆఖరికి ఉంచారు, ముందే పాడితే ఇక గొంతు మిగలదని. మొదటి టేకు అయ్యేసరికే గొంతు పోయింది. అందుకే ప్లేటు మీదికి ఎక్కింది ఆ మొదటి టేకే. అరవై ఏళ్లుగా జనం వింటున్నది ఆ జలుబు గొంతునే.

అప్పటికి అక్కడి టేపు మీద రెండే ట్రాకులు. సినిమా పాటల పుణ్యమా అని ట్రాక్ అన్న మాట తెలుగువాళ్లకి కొత్త కాదు. టేపును నిలువునా చీల్చినట్టు ఊహించుకుని, ఒక్కో పాయ మీద ఒక్కో శబ్దాన్ని విడిగా పట్టి ఉంచడమే దాని అర్థం. ఒక పాయ మీద వాద్యాలు, ఇంకో పాయ మీద గాత్రం, అంతే. డ్రమ్ము బాగా వచ్చి గిటార్ తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాల్సిందే. మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చుని పాట పూర్తి చేసే పద్ధతి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. లండన్‌లో మాత్రం అది నాలుగేళ్లలోనే పాతబడింది. 1966 నవంబరులో అదే బృందం అదే భవనంలో ఒక ఆల్బం మొదలుపెట్టి, అది ముగించేసరికి 1967 ఏప్రిల్ వచ్చింది.

రాక్ చరిత్ర అనగానే పొడుగు జుట్టు, వియత్నాం యుద్ధం, మత్తుమందులు, తిరగబడ్డ యువతరం గుర్తొస్తాయి. అవేవీ అబద్ధం కాదు. కానీ 1963 నుంచి 1983 దాకా వచ్చిన పాటల్ని వరసగా వింటే చెవికి ముందు తగిలేవి ఇంకొన్ని: పాట ఎంతసేపు ఉంది, ఎంత మోత పెట్టింది, ఎన్ని పొరలుగా ఉంది, దరువు వేస్తున్నది మనిషా యంత్రమా. యువతరం కోపం ఈ ప్రశ్నలకి జవాబు చెప్పదు. టేపు, ప్లేటు, ఆంప్లిఫయర్ చెబుతాయి.

ముందు పాట నిడివి సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ఆర్‌పీఎం ప్లేటు మీద ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. గ్రామఫోను కాలపు తెలుగు పాటలకి పల్లవి, రెండు మూడు చరణాల కొలత కుదిరిందంటే అందులో కవుల లెక్క ఎంత ఉందో ప్లేటు లెక్కా అంతే ఉంది. 1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీని, అంటే లాంగ్ ప్లే పెద్ద ప్లేటును, తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ చిన్న 45 ప్లేటు తెచ్చింది. పదిహేనేళ్ల పాటు పెద్ద ప్లేటు పెద్దవాళ్లది, చిన్న ప్లేటు కుర్రకారుది అన్నట్టు సాగింది. జాజ్, శాస్త్రీయ సంగీతం, నాటకాల పాటలు ఎల్‌పీల మీద వచ్చేవి. రాక్ అండ్ రోల్ 45 మీద వచ్చేది, రెండున్నర నిమిషాల్లో ముగిసేది. రేడియోకీ, జూక్‌బాక్సుకీ అదే కావాలి. 1965లో బాబ్ డిలన్ ఆరు నిమిషాలు దాటిన పాటను సింగిల్‌గా విడుదల చేసినప్పుడు దాని నిడివే వార్త అయింది. అదే ఏడాది జులై 25న న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో అతను ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని ఎక్కితే సభలో కొందరు గోల చేశారు. ఆ గోల గురించి పుస్తకాలే వచ్చాయి. సింగిల్ అంటే మూడు నిమిషాలే అన్న కట్టుబాటు సడలడానికి మాత్రం ఆ ఆరు నిమిషాలే ఎక్కువ పనికొచ్చాయని చెప్పాలి.

ఇక మోత. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్‌ని చూడటానికి 55,000 మందికి పైగా వచ్చారు. వాక్స్ కంపెనీ వాళ్ల కోసం ప్రత్యేకంగా 100 వాట్ల ఆంప్లిఫయర్లు చేసిచ్చింది. గొంతులు వినిపించాల్సింది మాత్రం బేస్‌బాల్ ఆటలో పేర్లు చదివే స్టేడియం స్పీకర్లలోంచే. అభిమానుల కేకల్లో వేదిక మీద ఉన్నవాళ్లకి తాము ఏం వాయిస్తున్నదీ సరిగా వినపడలేదు. మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించాక బీటిల్స్ టికెట్టు కచేరీలు మానేశారు. వినపడని చోట వాయించడం కంటే స్టూడియోలో కూర్చోవడమే మేలనుకున్నారు.

మిగతావాళ్లు ఇంకో దారి పట్టారు, మోత పెంచడం. లండన్ పశ్చిమాన హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ము మాస్టారికి వాద్యాల కొట్టు ఉండేది. అక్కడికొచ్చే గిటార్ కుర్రాళ్లకి అమెరికా ఫెండర్ ఆంప్లిఫయర్లు కొనే స్తోమత లేదు. దాంతో ఫెండర్ వాళ్ల నమూనా చూసే మార్షల్ మనుషులు సొంతంగా ఒకటి తయారుచేశారు. ఇంగ్లండ్‌లో దొరికే వాల్వులు, స్పీకర్లు వేరు కాబట్టి అది ఫెండర్‌లా మోగలేదు, గరగరలాడింది. ఆ గరగరే అందరికీ కావాల్సొచ్చింది. ద హూ బృందంలోని పీట్ టౌన్‌షెండ్ 100 వాట్లు కావాలన్నాడు, ఇచ్చారు. ఒకే డబ్బాలో ఎనిమిది స్పీకర్లు కావాలన్నాడు, అవీ ఇచ్చారు. మోయలేక సామాన్లు ఎత్తేవాళ్లు మొరపెట్టుకుంటే డబ్బాను రెండు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. హార్డ్ రాక్ వేదికల మీద గోడలా కనిపించే మార్షల్ స్టాకు అలా పుట్టింది.

అప్పటిదాకా ఆంప్లిఫయర్ గరగరలాడిందంటే బాగు చేయించాలని అర్థం. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవిస్ తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోశాడు, ఆ చిరిగిన శబ్దం కోసమే. మరుసటి ఏడాది రోలింగ్ స్టోన్స్ అదే పనిని ఫజ్ పెడల్‌తో, అంటే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే కాలి మీటతో, చేశారు. జిమి హెండ్రిక్స్ వచ్చేసరికి ఆంప్లిఫయర్ ఎదుట గిటార్ పట్టుకుంటే వచ్చే ఊళ కూడా సంగీతంలో భాగమైపోయింది. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్‌లో అతను అమెరికా జాతీయగీతాన్ని వాయిస్తూ మధ్యలో బాంబులు, సైరన్లు వినిపించాడంటే ఆ ఊళ మీద అతనికి ఎంత పట్టు ఉందో అర్థమవుతుంది.

ఇదే దారిలో బర్మింగ్‌హామ్‌లో జరిగినది మరీ చిత్రం. తర్వాత బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటార్ వాయించిన టోనీ అయోమికి అప్పుడు పదిహేడేళ్లు. రేకుల ఫ్యాక్టరీలో అతనికి అదే ఆఖరి రోజు. ప్రెస్సు కింద పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం వాడు, అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. గిన్నెలు తోమే ద్రవం ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకి టోపీలు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించాడు. ఆ టోపీలతో మామూలు తీగల్ని వంచడం కష్టం. సన్నటి తీగలు వేసుకున్నాడు. తర్వాత గిటార్ శ్రుతినే తగ్గించి తీగల బిగువు సడలించాడు. 1971 నాటి ఆ బృందం మూడో ఆల్బంలో కొన్ని పాటలకి గిటార్ మామూలు శ్రుతి కంటే మూడు స్వరస్థానాలు కిందికి దిగింది. బ్లాక్ సబ్బాత్ పాటల్లోని ఆ బరువు, ఆ చీకటి దెయ్యాల సినిమాల నుంచి వచ్చిందని అనేవాళ్లున్నారు. పేరు అక్కడిదే. శబ్దంలో మాత్రం సగం ఆ ఫ్యాక్టరీది. హెవీ మెటల్‌లో ఆ తర్వాత వచ్చిన ఎన్నో బృందాలు పది వేళ్లూ సవ్యంగా ఉండి కూడా శ్రుతి దించే వాయించాయి.

స్టూడియోలో కూర్చున్నవాళ్ల సంగతి చూస్తే, ఆబీ రోడ్డుకి నాలుగు ట్రాకుల యంత్రం 1963 చివర్లో వచ్చింది. నాలుగూ నిండితే వాటిని కలిపి ఇంకో టేపు మీద ఒకే ట్రాకుగా దించుకునేవాళ్లు, మళ్లీ మూడు ఖాళీ. దించినప్పుడల్లా టేపు బుస (హిస్) కాస్త పెరుగుతుంది. 1967 నాటి ఆ అయిదు నెలల ఆల్బం అంతా ఇలా పొదుపుగా, పొర మీద పొరగా కట్టిందే. కానీ పాట అంటే ఒక గదిలో కొందరు కలిసి వాయించేది అన్న ఊహ అంతకు ఏడాది ముందే, 1966 ఏప్రిల్‌లో చెదిరింది. అప్పుడు లెనన్ తెచ్చిన పాట దాదాపు ఒకే కార్డ్ మీద, అంటే కలిసి మోగే ఒకే స్వరాల గుంపు మీద, నిలబడుతుంది, వెనక తంబురా మోగుతుంది. పాల్ మెకార్ట్‌నీ ఇంట్లో చేసుకొచ్చిన టేపు ముక్కల్ని వలయాలుగా అతికించి, భవనంలో వేర్వేరు గదుల్లోని యంత్రాల మీద ఎక్కించారు. వలయం వదులైపోకుండా ఒక్కో యంత్రం దగ్గర ఒక్కో ఉద్యోగి పెన్సిల్‌కి టేపు తగిలించి లాగి పట్టుకుని నిలబడ్డాడు. కంట్రోల్ రూములో ఒక్కో శబ్దాన్నీ పైకీ కిందికీ జరుపుతుంటే అదే వాద్యం వాయించడమైంది. తెల్లకోటు వేసుకున్న ఉద్యోగి పెన్సిల్ పట్టుకుని రాక్ పాటలో పాలుపంచుకోవడం అన్నది రెండేళ్ల ముందు ఎవరూ ఊహించి ఉండరు.

అక్కడి నుంచి ట్రాకుల సంఖ్య పెరుగుతూ పోయింది. 1968కి ఎనిమిది, డెబ్బైల మొదట్లో పదహారు, మరి కొద్ది ఏళ్లకి ఇరవై నాలుగు. ఎల్‌పీ మొత్తాన్నీ ఒకే రచనగా చూసే ప్రోగ్రెసివ్ రాక్‌కి కావాల్సిన చోటు అలా దొరికింది. 1973 మార్చిలో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బం పదహారు ట్రాకుల బిడ్డ. అందులో డబ్బు మీద పాటకి ముందు వినిపించే గల్లాపెట్టె మోత, చిల్లర గలగల, కాగితం చిరుగు శబ్దం కోసం టేపును స్కేలుతో కొలిచి ఏడు సమాన ముక్కలు కోసి అతికించారు. ఏడు మాత్రల లెక్క. రాక్ శ్రోతలకి అది వింత. మిశ్రచాపు విన్న చెవికి కాలు దానంతటదే ఆడుతుంది. ఆ ఆల్బం 1988 దాకా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో వస్తూ పోతూ 700 వారాలకు పైగా ఉంది. 1975లో క్వీన్ బృందం ఇరవై నాలుగు ట్రాకుల మీద ముగ్గురి గొంతులతోనే పెద్ద ఒపేరా బృందాన్ని పుట్టించింది. టేపు తిరిగి తిరిగి అరిగి వెలుతురు అవతలికి కనిపించేదని వాళ్లే చెప్పుకున్నారు.

ఇక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది: రాక్ ఇలా బరువెక్కి, పొడుగెక్కి, జనానికి దూరమైతే 1976లో పంక్, అంటే మోటుగా, పొట్టిగా వాయించే రాక్, వచ్చి దాన్ని కూల్చేసిందని. వినడానికి బాగుంటుంది. న్యూయార్క్ రమోన్స్ తొలి ఆల్బంలో పద్నాలుగు పాటలు అరగంట లోపే అయిపోతాయి. రికార్డింగ్‌కి అయిన ఖర్చు 6,400 డాలర్లు. మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ బృందం 500 పౌండ్లు అప్పు చేసి నాలుగు పాటల ప్లేటును 1977 జనవరిలో సొంతంగా వేసుకుంది. ఏ పాట ఎన్నో టేకుకి కుదిరిందో అట్ట మీదే అచ్చేసింది. ఇందులో నిజమైన కొత్తదనం ఆ అట్టే. ప్లేటు వేయడం పెద్ద కంపెనీల గుత్తసొత్తు కాదని వందలమందికి తెలిసింది. సంగీతంగా చూస్తే మాత్రం పంక్ వెనక్కి నడిచింది: రెండు గిటార్లు, డ్రమ్ము, రెండున్నర నిమిషాలు, 1963 నాటి కొలతే. పంక్ కూల్చేసిందన్న పింక్ ఫ్లాయిడ్ 1979 చివర్లో తెచ్చిన డబుల్ ఆల్బం విపరీతంగా అమ్ముడుపోయింది.

పాట కట్టుబడినే మార్చిన పని ఇంకోచోట జరుగుతోంది. అప్పట్లో రాక్ పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే రేడియో మెకానిక్ ఉండేవాడు. వీధి నాట్యాలకి వాడే సౌండు సిస్టమ్‌లకి ఆంప్లిఫయర్లు కట్టేవాడు. నాలుగు ట్రాకుల మిక్సర్ ఒకటి చేతికొచ్చింది. లండన్‌లో పొరలు చేర్చడం కోసం ట్రాకులు వాడితే, టబ్బీ తీసేయడం కోసం వాడాడు. గాత్రం తీసేసి డ్రమ్ము, బాస్ మాత్రం ఉంచుతాడు. గిటార్ ఒక్క క్షణం మెరిసి ఎకోలో కరిగిపోతుంది. దాన్ని డబ్ అన్నారు. అప్పటికే రికార్డయిన పాటలోంచి, ఒక్క వాద్యమూ ముట్టుకోకుండా, ఇంకో పాట పుట్టింది.

అదే కింగ్‌స్టన్ నుంచి చిన్నప్పుడే న్యూయార్క్ బ్రాంక్స్‌కి వెళ్లిన కుర్రాడు డీజే కూల్ హెర్క్. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలో తాము ఉండే అపార్టుమెంటు కింది హాల్లో అతని చెల్లెలు పెట్టిన పార్టీకి ప్లేట్లు వేశాడు. పాటలో గొంతు ఆగి డ్రమ్ములొక్కటే మోగే ఆ కొద్ది సెకన్ల దగ్గర జనం ఊగిపోతున్నారని అతను గమనించాడు. ఊరేగింపులో సన్నాయి ఆగి డప్పు ఒక్కటే మిగిలినప్పుడు అడుగులు ఎలా జోరందుకుంటాయో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. హెర్క్ ఒకే ప్లేటు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాని మీద ఆ ముక్క అయిపోగానే రెండోదాని మీద అదే ముక్క వేశాడు. పది సెకన్ల ముక్క ఎంతసేపైనా సాగింది. పల్లవీ చరణమూ అక్కర్లేకుండా దరువే పాట అయింది.

మన్‌హట్టన్ నాట్యశాలల్లో ఇదే అవసరానికి వేరే జవాబు దొరికింది. టామ్ మౌల్టన్ అనే మిక్సింగ్ నిపుణుడు పాటల్ని నాట్యం కోసం సాగదీసేవాడు. ఒకసారి నమూనా ప్లేటు కోయడానికి ఏడు అంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోయాయి. పెద్దదాని మీద కోశారు. సూది నడిచే గాడులు దూరం దూరంగా పడటంతో బాస్ గట్టిగా, డ్రమ్ము స్పష్టంగా వచ్చాయి. పన్నెండు అంగుళాల సింగిల్ అలా డిస్కో వాళ్ల సొంతమైంది. 1977లో మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్ డోనా సమ్మర్ గొంతు తప్ప దాదాపు అంతా మూగ్ సింథసైజర్ మీద, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే యంత్రం మీద, నడిచే పాట చేశాడు. బాస్ ఊపిరి తీసుకోదు, అలసిపోదు, తప్పదు. మనిషి వాయించే పాట వేగం కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది. ఇది పెరగదు, తగ్గదు. కొందరికి అందులో ప్రాణం లేదనిపించింది. నాట్యం చేసేవాళ్లకి మాత్రం అదే ప్రాణం.

రాక్ అభిమానులకి ఇది మింగుడుపడలేదు. 1979 జులై 12న షికాగో కోమిస్కీ పార్కులో రెండు బేస్‌బాల్ ఆటల మధ్య డిస్కో ప్లేట్లని గుట్టపోసి పేల్చారు. జనం మైదానంలోకి దూకడంతో రెండో ఆట రద్దయింది. తెచ్చి పడేసిన ప్లేట్లలో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి గాయకులవీ ఉన్నాయని అక్కడ పనిచేసిన ఓ కుర్రాడు తర్వాత చెప్పాడు. ఆ కోపం దేనిమీదో ఆ మాటతో సగం తెలిసిపోతుంది. ఇంతా చేస్తే అదే వేసవిలో షీక్ బృందం డిస్కో పాట ఒకటి అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. దాని బాస్ వరస మీదే సెప్టెంబరులో ర్యాప్ మొదటి పెద్ద హిట్ వచ్చింది. మరుసటి ఏడాది క్వీన్ బృందం బాస్ వాద్యకారుడు జాన్ డీకన్ ఆ వరసకి దగ్గరి చుట్టంలాంటి దాన్నే వాయించి రాక్ రేడియోలో మోగించాడు. ప్లేట్లు పేల్చిన షికాగోలోనే, వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకిల్స్ వేసిన పాటల నుంచి హౌస్ అనే నాట్య సంగీతం పుట్టింది. కాబట్టి డెబ్బైలలో పాటని మలుపు తిప్పింది పంక్ కాదు, జమైకా డబ్, డిస్కోలే.

1980 తర్వాత యంత్రాలు వరసకట్టాయి. లిన్ డ్రమ్ము యంత్రంలో నిజమైన డ్రమ్ము శబ్దాలే ఉండేవి, ధర 5,000 డాలర్ల దగ్గర. రోలాండ్ టీఆర్-808 ధర 1,200 డాలర్ల లోపు. శబ్దం నిజం డ్రమ్ములా ఉండదని చాలామంది పెదవి విరిచారు. 1983లో దాని తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరకడంతో డబ్బు లేని కుర్రాళ్ల చేతికి వెళ్లి, హిప్‌హాప్‌కి గుండెకాయ అయింది. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఇదే 808 మీద, రోలాండ్ బాస్ యంత్రం 303 మీద పది రాగాలని డిస్కో దరువుకి కట్టి ఎల్‌పీ వేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ 303 శబ్దంతోనే షికాగో కుర్రాళ్లు కొన్నేళ్ల తర్వాత యాసిడ్ హౌస్ కట్టారు.

లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో జరిగినది పొరపాటుకి దగ్గరగా ఉంటుంది. పీటర్ గేబ్రియెల్ మూడో సొంత ఆల్బం పని. వాద్యకారులు మాట్లాడేది కంట్రోల్ రూములో వినపడటానికి పైన ఒక మైకు వేలాడుతుండేది. మాట మెల్లగా ఉన్నా గట్టిగా ఉన్నా ఒకేలా వినపడాలని దానికి గట్టి కంప్రెసర్ తగిలించి ఉంది. ఫిల్ కాలిన్స్ డ్రమ్ము వాయిస్తుండగా హ్యూ పాడ్జమ్ ఆ మైకు మీట నొక్కాడు. డ్రమ్ము శబ్దం ఒక్కసారి పెద్ద హాలంత విచ్చుకుని టక్కున తెగిపోయింది. అందరూ కుర్చీల్లోంచి లేచారు. ఆ శబ్దాన్ని రికార్డు చేయడానికి మిక్సర్ వైరింగే మార్చుకున్నారు. ఎనభైల పాప్ అంతటా వినపడే ఆ ధమధమ అదే. అప్పటికి గేబ్రియెల్ ఈ ఆల్బంలో డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి తాళాలు (సింబల్స్) వద్దన్నాడు కాబట్టి డ్రమ్ము ఒంటరిగా, శుభ్రంగా దొరికింది. ఆ మొండిపట్టు లేకపోతే ఇది ఇంత బాగా కుదిరేది కాదు.

1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైంది. వీడియోలు చేసి ఉంచుకున్నవాళ్లలో బ్రిటిష్ సింథసైజర్ బృందాలు ఎక్కువ, కాబట్టి అవే తెర నిండా కనిపించాయి. 1982 నవంబరు చివర్లో వచ్చిన మైకేల్ జాక్సన్ ఆల్బంలో డిస్కో బాస్ ఉంది, యంత్రం లాంటి డ్రమ్ము ఉంది, ఎడీ వాన్ హాలెన్ హెవీ మెటల్ గిటార్ కూడా ఉంది. షికాగో మైదానంలో కొట్టుకున్న రెండు పక్షాలూ మూడేళ్లకి ఒకే ప్లేటులో పక్కపక్కన కూర్చున్నాయి.

ఆ తర్వాత నెలన్నరకి, 1983 జనవరిలో, కాలిఫోర్నియా అనహైమ్‌లో వాద్యాల వ్యాపారుల ప్రదర్శన జరిగింది. అమెరికా సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ కీబోర్డు, జపాన్ రోలాండ్ కంపెనీ కీబోర్డు పక్కపక్కన పెట్టారు. వ్యాపారంలో రెండూ పోటీదార్లు. ఒకదాన్నించి ఇంకోదానికి అయిదు పిన్నుల తీగ తగిలించారు. ఆ పద్ధతి పేరు మిడి. ఒక కీబోర్డు మీద మెట్టు నొక్కితే, పక్కన ఎవరూ కూర్చోని రెండో కీబోర్డు అదే స్వరం పలికింది.